పాత కారు గొంతు

సినిమాల కోసం పాత కార్ల చప్పుళ్లు రికార్డు చేసే సౌండాయనకు డ్రైవింగ్ రాదు. మైకుకు పాత మేజోడు తొడిగి, సైలెన్సర్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి వింటాడు. కారు దగ్గు, గురక, మూలుగు దేన్నీ వదలడు. ఒక డాక్టరుగారి యాభై ఏళ్ల కారు కోసం నెల రోజులు కాళ్లరిగేలా తిరిగాడు. తీరా వెళితే ఆయన మురిసిపోతూ తాళం తిప్పారు.

"మీరొస్తున్నారని ఇంజనంతా బాగు చేయించానండీ. చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది, చూడండి!"

"భలే ఉందండీ," అంటూ సౌండాయన ఆ నిశ్శబ్దాన్నే మర్యాదకు పది నిమిషాలు రికార్డు చేసుకుని, ఇంటికొచ్చి భార్య కుట్టుమిషన్ ముందు మైకు పెట్టాడు.

సినిమా చూడగానే డాక్టరుగారు ఫోన్ చేశారు. "అచ్చం మా కారేనండీ! వెయ్యి కార్లలో ఉన్నా పోల్చుకుంటాను."

"అవునండీ, అవునండీ," అంటూనే సౌండాయన, మిషన్‌కు నూనె వెయ్యబోతున్న భార్య చెయ్యి గబుక్కున పట్టుకున్నాడు.