కిటికీ లేని గోడ

ఈ రోజు మా బడిలో ఒక్క పాఠం కూడా సాగలేదు. పిల్లలు తుమ్ముతూనే ఉన్నారు, పాఠం చెప్పే నేనూ తుమ్ముతూనే ఉన్నాను.

వినుకొండ దగ్గర మా పల్లెలో పాత పెంకుల బడిని పడగొట్టి, కరెంటుతో పెద్దగా పనిలేని కొత్త బడి ఈ ఏడే కట్టుకున్నాం. ఫ్యాన్లు అక్కర్లేకుండా దక్షిణం గోడ నిండా గాలికి కన్నాలు వదిలారు. నిజంగానే చల్లగా ఉంది. కానీ బడికి దక్షిణాన ఉన్నవన్నీ మిరపకాయలు ఆరబోసే కల్లాలే. కాయలు తిరగేసినప్పుడల్లా ఘాటంతా నేరుగా తరగతిలోకి వచ్చేస్తోంది.

మధ్యాహ్నం ఈ బడికి ప్లాను గీసిన ఇంజనీరు గారిని పిలిపించాం. ఆయన కళ్ళు తుడుచుకుంటూ, కల్లంలో ఉన్న మస్తాన్ గారిని, "కాయలు ఇంకోచోట పోసుకోకూడదా?" అని అడిగారు. మస్తాన్ గారి అమ్మాయి మా నాలుగో తరగతే.

"మా తాతల కాడి నుంచీ ఇక్కడే పోస్తన్నాం సార్. పాత బళ్ళో ఒక్క పిల్ల కూడా తుమ్మలేదే!" అన్నారాయన.

ఇంజనీరు గారూ నేనూ ముఖాలు చూసుకున్నాం. పాత బడికి దక్షిణం వైపు ఒక్క కిటికీ కూడా ఉండేది కాదు. ఆ గోడ కట్టినవాళ్ళకు బుర్ర లేదని ప్లాను గీసిన రోజున అందరం నవ్వాం. ఎందుకలా కట్టారని మాత్రం ఎవరం అడగలేదు.

ఆ గోడ ఇటుకలు పారేయకుండా కొత్త బడికి అరుగు కట్టాం. సాయంత్రం దాని మీదే కూర్చుని, కన్నాలకు తడి గోనెపట్టాలు కడదామా అని తుమ్ముల మధ్య మాట్లాడుకున్నాం.

మీ ఊళ్ళో పాత బడి ఇంకా నిలబడే ఉంటే, పడగొట్టే ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. కిటికీ లేని వైపు ఏముందో నాకూ రాయండి.