187 తర్వాత 211

2005లో ఏలూరులోని ఒక చర్చి ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరుగా పనిచేసేదాన్ని. కొల్లేటి చుట్టుపక్కల సంఘాల పాత బాప్తిస్మాల రిజిస్టర్లను కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. పుట్టినతేదీకి వేరే ఆధారం లేనివాళ్ళకు ఆ రిజిస్టరే దిక్కు.

ఒక సోమవారం మండవల్లి వైపు, కొల్లేటి నీళ్ళ మధ్యనున్న ఒక లంక ఊరి నుంచి మరియమ్మగారు వచ్చారు. అంగన్‌వాడీ ఉద్యోగానికి శుక్రవారం లోపు వయసు రుజువు చూపాలి. కంప్యూటర్లో ఆమె పేరు వెతికాను. లేదు.

"సరిగ్గా చూడండమ్మా. రిజిస్టర్లో లేకపోతే నేను పుట్టనట్టేనా ఏంటండీ?" నవ్వుతూనే అన్నారు గానీ, చేతిలో దరఖాస్తు నలిగిపోతోంది.

ఎక్కించింది నేనే కాబట్టి తప్పు నాదే అనుకున్నాను. ప్రతి రిజిస్టర్లోనూ బాప్తిస్మాలకు వరుస నంబర్లుంటాయి. ఆవిడ లంక ఉన్న రిజిస్టర్లో ఏవి వదిలేశానో తెలిస్తే చాలు. కానీ కంప్యూటరు పట్టికలో లేనిదాన్ని ఎలా అడగడం? నేను వాడే ఎస్‌క్యూఎల్ అంటే డేటాను ప్రశ్నలడిగే భాష; ఆ ప్రశ్నే క్వెరీ. ఒక పుస్తకంలో చదివిన ఉపాయం గుర్తొచ్చింది. ప్రతి నంబరునూ "నీ తర్వాతి నంబరు ఇక్కడుందా?" అని అడిగి, లేదన్నవాటినే చూపించమన్నాను.

రెండే వచ్చాయి. ఒకటి చిట్టచివరిది, దాని తర్వాత ఎలాగూ ఏమీ ఉండదు. రెండోది 187. లేనివాళ్ళ చోటు ఉన్నవాళ్ళే చూపించారు.

"మాతో మాట్లాడ్డానికి నోరు రాదుగానీ, ఆ పెట్టెతో బాగానే కబుర్లాడుతున్నావే!" అన్నారు మా ఆఫీసు సూపరింటెండెంటు గారు.

రిజిస్టరు తెరిచాను. 187 తర్వాత ఒక పేజీ ఖాళీ, ఆపైన 211. ఎక్కించేటప్పుడు ఆ పేజీ చూసుకోకుండా తిప్పేశాను.

అది రాసిన పాస్టరు గారు రిటైరై తాడేపల్లిగూడెంలో ఉంటున్నారు. మర్నాడు పాసింజరులో మరియమ్మగారూ నేనూ వెళ్ళాం.

"అప్పట్లో లంకకి పడవే కదమ్మా. పెద్ద రిజిస్టరు నీళ్ళలో పడితే ఊళ్ళన్నీ పోతాయి. అందుకని ఎంతమందో ముందే కబురు తెప్పించుకుని, అన్ని నంబర్లు వదిలేసి, చిన్న నోటుబుక్కు పట్టుకెళ్ళేవాణ్ణి. వచ్చాక ఎక్కించేవాణ్ణి."

"మరి ఇవి అయ్యగారూ?"

"ఆసారి జ్వరంతో వచ్చానమ్మా. లేచేసరికి బదిలీ."

ట్రంకుపెట్టె అడుగున నోటుబుక్కు దొరికింది. 203 దగ్గర మరియమ్మగారి పేరు, పుట్టినతేదీ. ఆవిడ ఆ వరుస మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు.

210 ఎదురుగా మాత్రం ఏమీ లేదు. ఎందుకని అడిగాను.

"నేను పడవ దిగేసరికే ఆ పాప పోయిందమ్మా. ఆ నంబరు ఇంకొకరికి ఇవ్వబుద్ధి కాలేదు."

పాస్టరు గారు నిజమేనని సంతకం చేసిచ్చిన పేర్లన్నీ రిజిస్టర్లోకీ కంప్యూటర్లోకీ ఎక్కించాం. గురువారానికి మరియమ్మగారి సర్టిఫికెట్ ఆవిడ చేతిలో ఉంది. క్వెరీ మళ్ళీ నడిపితే, చివరి నంబరుతో పాటు ఈసారి 209 వచ్చింది, దాని తర్వాతి 210 లేదు కాబట్టి. ఖాళీ ఎక్కడుందో క్వెరీ చెబుతుంది. ఎందుకుందో మాత్రం మనమే వెళ్ళి అడగాలని అప్పుడే తెలిసింది.

"ఇంకోటి మిగిలిపోయిందేంటమ్మా, సరిచెయ్యి," అన్నారు సూపరింటెండెంటు గారు.

"అది పొరపాటు కాదండీ," అన్నాను. "ఒక పాప."