బోల్టు మీద ఎర్ర గీత

స్పానరక్కకు కోపం ముక్కు మీదే ఉంటుంది. సైకిలు రేసుల క్లబ్బులో ఇరవై రెండేళ్లుగా మరమ్మతులన్నీ ఆవిడవే. చైన్లు కడిగేది ఆవిడ, చక్రాల వంకలు తీసేది ఆవిడ, రేసు మధ్యలో టైరు పేలితే స్పేరు చక్రం భుజానేసుకుని పరిగెత్తేదీ ఆవిడే. క్లబ్బు కాగితాల్లో మాత్రం ఆవిడ హోదా హెల్పర్. ఆడమనిషిని మెకానిక్ అని రాయడానికి సెక్రటరీగారి పెన్నులో సిరా చాల్లేదు మరి!

ఆవిడకో పద్ధతి ఉంది. రేసుకి ముందురోజు సాయంత్రం ప్రతి బోల్టూ బిగించి, బోల్టు తల మీంచి పక్కనున్న లోహం మీదికి ఎర్రటి నెయిల్ పాలిష్‌తో ఓ గీత గీస్తుంది. బోల్టు కదిలితే గీత విరుగుతుంది. కాబట్టి రేసు పొద్దున స్పానరు పట్టక్కర్లేదు, గీతలు చూసుకుంటూ పోతే చాలు. పాత గీతల్ని ఆవిడ ఎన్నడూ తుడవదు. ఏ బోల్టు ఎంత తిరిగిందో చెప్పేవి అవే. అందుకే ఆవిడ చెయ్యిపడ్డ బోల్టులన్నీ రంగు అట్టలు కట్టి ఉంటాయి.

"ఏంటక్కా ఈ మురికి గీతలు, కోడి కెలికినట్టు!" అని విసుక్కునేవాడు క్లబ్బు కెప్టెన్.

"నువ్వు తొక్కడం చూసుకో నాయనా" అనేది అక్క.

ఆ కెప్టెన్‌ని అందరూ అద్దం అంటారు. అతని సైకిల్లో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. ఏడేళ్లు ఛాంపియన్. రేసుల్లో అతని ముందు తొక్కుతూ, ఎదురుగాలి తన ఒంటి మీద వేసుకునేవాడు పిట్ట. పిట్ట అంటే స్పానరక్క సొంత చెల్లెలి కొడుకు. అక్క సీటు పట్టుకుంటే సైకిలు నేర్చుకున్నవాడు. మూడేళ్లు అలా అద్దం కోసం గాలి కోసిన పిట్ట, కిందటి కొండ రేసులో ఇక ఆగలేదు. అతన్ని దాటి గెలిచాడు. క్లబ్బు గోడ మీద ఫోటో మారింది.

ఆ తర్వాతి రేసులోనే, కొండ దిగే మలుపులో, పిట్ట చేతుల్లో హ్యాండిల్ గిర్రున తిరిగిపోయింది. సైకిలు వెళ్లి గోడకి కొట్టుకుంది. బిడ్డ ఆసుపత్రికి చేరకముందే పోయాడు.

చూస్తే హ్యాండిల్‌ని పట్టి ఉంచే రెండు బోల్టులూ వదులు. గీతలు మాత్రం చెక్కుచెదరలేదు! గీత విరగలేదంటే, గీసిన తర్వాత బోల్టుని ఎవరూ ముట్టుకోలేదనేగా? అంటే అక్కే బిగించకుండా గీసి పారేసింది. ఎవరికైనా తట్టేది అదే. ఆసుపత్రి వరండాలో చెల్లెలు ఒకే ఒక్క మాట అడిగింది.

"బోల్టు బిగించావా అక్కా?"

అక్క తన అరచేతులు చూసుకుంది. బిగించినట్టు తన చేతులకు తెలుసు. కానీ తన గీతలే తన మీద సాక్ష్యం చెబుతుంటే కన్నతల్లి నమ్ముతుందా? ఆ రోజు నుంచి చెల్లెలు ఆవిడతో మాట్లాడలేదు.

పందొమ్మిదో రోజున, పోలీసులు సీలు వేసిన క్లబ్బు షెడ్డు తెరిచారు. రేసు రోజున తెచ్చి పెట్టిన పన్నెండు సైకిళ్లూ, పిట్టదానితో సహా, ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు, సెక్రటరీ, అద్దం నిలబడ్డారు. మూల కుర్చీలో చెల్లెలు తల వంచుకు కూర్చుంది. సెక్రటరీ ఓ కాగితం ముందుకు తోశాడు.

"'మెకానిక్ నిర్లక్ష్యం వల్ల' అని రాశామమ్మా. సంతకం పెట్టేస్తే అందరికీ గొడవ వదులుతుంది."

"ఏమని రాశారూ? మెకానిక్కా?" అక్క గొంతు లేచింది. "ఇరవై రెండేళ్లు హెల్పర్‌నండీ! తప్పు మొయ్యడానికి మాత్రం మెకానిక్‌నయ్యానా? పెట్టను. చేతులు నరికినా పెట్టను. ముందు నా పిల్లాడి సైకిలు చూడనివ్వండి."

ఇన్‌స్పెక్టరు తలూపాడు. అక్క నేల మీద మోకాళ్లు ఆనించి హ్యాండిల్ దగ్గరికి వంగింది. బోల్టు మీద సన్నటి, తిన్నటి ఎర్ర గీత. చుట్టూ లోహం తళతళలాడుతోంది. మూడేళ్లుగా తను గీసిన గీతల్లో ఒక్క మరకైనా లేదు. లేచి ఒక్కో సైకిలు దగ్గరికీ ఇన్‌స్పెక్టర్ని తిప్పింది. పది సైకిళ్ల మీద ఎర్రటి అట్టలు. పదకొండోది కెప్టెన్‌ది.

"నా గీత ఈయనకి నచ్చదు సార్. తుడిచేసి, సన్న బ్రష్షుతో సొంతంగా గీసుకుంటాడు. క్లబ్బులో అంతా ఎరుగుదురు. పన్నెండింటిలో రెండే శుభ్రంగా ఉన్నాయి. ఒకటి ఈయనది. రెండోది చచ్చిపోయిన నా బిడ్డది. షెడ్డు తాళాలా? ఒకటి నా దగ్గర, ఒకటి ఈయన దగ్గర."

"అది... ఎవరో తుడిచుంటారు..." అద్దం నీళ్లు నమిలాడు.

"బోల్టు వదులు చేశాక, విరిగిన గీత మీద ఇంకో గీత గీసుంటే సరిపోయేది కదరా! నాకు ఉరే పడేది. మురికి చూసి ఊరుకోలేకపోయావు. తుడిచావు!"

అద్దం మెల్లగా గోడకి జారగిలబడ్డాడు.

"కొండ రేసులో నన్ను దాటాక వెనక్కి తిరిగాడక్కా. జనమంతా చూస్తుండగా నవ్వి 'రా అన్నా' అన్నాడు. ఆ మాట నన్ను కాల్చేసింది. ఏ చెయ్యో విరుగుతుందనుకున్నా, అంతే."

"కొండ దిగేటప్పుడు హ్యాండిల్ తిరిగిపోతే విరిగేది చెయ్యా? ఏడేళ్ల ఛాంపియన్‌వి, నీకు తెలీదూ? చంపావురా. వాడు వెక్కిరించాడనుకున్నావా? నీకు ఊపిరాడక వెనకబడ్డావని, గాలికి నేను అడ్డముంటా, నా వెనక రా అని పిలిచాడ్రా! ఆ సాయంత్రం వాడే నాతో చెప్పాడు. మూడేళ్లూ నీకు చేసిందే ఆ రోజూ చేయబోయాడు."

అద్దం మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఇన్‌స్పెక్టరు కొత్త కాగితం తెప్పించాడు. అక్క చెబుతుంటే రాసుకున్నాడు.

"ఇదీ రాయండి సార్. ఆ పొద్దున తొందరలో గీత ఉందా లేదా అనే చూశాను. మరీ శుభ్రంగా ఉందేమిటని చూడలేదు. ఆ ఒక్క తప్పు నాది."

అంతా చదివించుకుని సంతకం పెట్టింది. సెక్రటరీ చూస్తుండగానే, పేరు కింద పెద్ద పెద్ద అక్షరాలతో మెకానిక్ అని రాసింది. తర్వాత వెళ్లి చెల్లెలి కుర్చీ ముందు చతికిలబడి, ఆమె గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"అడిగావుగా. బిగించానే."