టీచరమ్మ వాష్ బేసిన్

నిన్న ఆస్టినాబాద్‌లో ఒక ఇంటి స్నానాలగది బాగుచేయిస్తుంటే, పైపులు అతికించే జిగురు డబ్బా మూత తీశారు. ఘాటుగా, కొంచెం తియ్యగా ఉండే ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు పార్వతి దీదీ గుర్తొచ్చింది. పోర్ట్ బ్లెయిర్‌లో పాత ఇళ్ళను బాగుచేసే ఈ పని నాకు నేర్పింది ఆవిడే. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం వాళ్ళది. భర్త పోయాక ఆయన కాంట్రాక్టు పనులను తనే అందుకుంది. నేను డిప్లొమా చదివి చేరేనాటికి ఆవిడకు యాభై దాటాయి. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, పైన మగవాళ్ళ చొక్కా వేసుకుని, గోడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పని చూసేది. మాట కరుకు. పొద్దున తిట్టిన మనిషికే మధ్యాహ్నం తన డబ్బాలోంచి చేపముక్క వేసేది.

ఒకసారి ఊళ్ళోనే మిడిల్ పాయింట్‌లో ఒక ఇంటి పని ఒప్పుకున్నాం. ఆ ఇంటి పెద్దావిడ రిటైరయిన టీచరు. పక్షవాతంతో చక్రాల కుర్చీకి పరిమితమయింది. కుడిచెయ్యి లేవదు, మాట ముద్దముద్దగా వస్తుంది. కొడుకు స్నానాలగదిని కొత్తగా కట్టిస్తూ, అందరికీ ఒక వాష్ బేసిను, దాని పక్కనే తల్లికి కుర్చీలోంచి అందేలా కిందికి ఒక చిన్న బేసిను పెట్టమన్నాడు. రెండింటి నీళ్ళనూ గోడలోనే ఒకే పైపులో కలిపేయవచ్చని దీదీ చెప్పింది. అలాగే చేసి, టైల్స్ కూడా వేసేశాం.

మర్నాడు మేం సామాను సర్దుకుంటుంటే కొడుకు కొత్త బేసిన్ దగ్గర గడ్డం గీసుకున్నాడు. అప్పుడే టీచరమ్మను చూసుకునే ఆయా ఆవిడ కుర్చీని లోపలికి తోసుకొచ్చింది. టీచరమ్మ ఎడమచెయ్యి ముందుకు చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. కొడుకు వదిలిన నీళ్ళు నురుగుతో, వెంట్రుకలతో సహా ఆమె బేసిన్‌లోకి ఉబికి వచ్చాయి.

కొడుకు తొంగిచూశాడు. "కాసేపట్లో దిగిపోతాయిలే దీదీ. రేపు చుట్టాలొస్తున్నారు. అమ్మకి ఆయా మగ్గుతో కడుగుతుంది, అలవాటే కదా."

చెడ్డవాడు కాదు. ఇంటినిండా దుమ్ముతో వేగి వేగి అలసిపోయాడు.

దీదీ వెళ్ళి కుర్చీ ముందు కింద కూర్చుంది. "టీచరమ్మా, మీరు సెప్పండి. ఆయా కడిగితే సరిపోద్దా?"

ఆ నోట మాట కూడటానికి చాలాసేపు పట్టింది. దీదీ తొందరపెట్టలేదు. ఆమెకు బదులు తను చెప్పేయనూలేదు.

"నా మొహం... నేనే."

"బస్, సాలు! ఇంకేటి!" అంటూ దీదీ లేచి కొడుకు వైపు తిరిగింది. "బాబూ, తప్పు నాదే. రెండూ కలిపేద్దామని సెప్పింది నేనే. పైది వదిలితే కిందది నిండుద్దని నాకు తట్టుండాల్సింది. గోడ మళ్ళీ తీసేస్తాను."

"అరే, కొత్త టైల్స్ దీదీ! చుట్టాల ముందు ఏం బాగుంటుంది?"

"తిట్టండి, పడతాను. మీ గడ్డం నీళ్ళు మాత్రం అమ్మ ముందుకి రాకూడదు."

అతను విసురుగా బయటికి వెళ్ళిపోయాడు. టైల్స్ వేసిన మేస్త్రీ కదల్లేదు. దీదీ తనే సుత్తి అందుకుని మొదటి టైలు పగలగొట్టింది. చిన్న బేసిన్‌కు విడిగా పైపు వేసి, గోడ అవతలికి తీసి, వాలు చూసుకుంటూ బయటి మురుగు గుంట దాకా నడిపించాం. అతికించిన చోట జిగురు ఆరేదాకా ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. తరువాత పై బేసిన్‌ను అంచుదాకా నింపి ఒక్కసారిగా వదలమంది. తను కింది బేసిన్ మీదికి వంగి, ఊపిరి బిగబట్టి చూసింది. చుక్క కూడా పైకి రాలేదు.

చుట్టాలు దిగేసరికి ఆ గోడ సగం వట్టి సిమెంటుతోనే ఉంది. కొడుకు మాతో మాట్లాడటం లేదు. టీచరమ్మ ఎడమచేత్తో కుళాయి తిప్పుకుంది. ఒక్క అరచేత పట్టిన నీళ్ళలో సగం ఒళ్ళో పడ్డాయి. మిగిలినవి మొహాన చల్లుకుని మళ్ళీ పట్టింది. ఆయా తువ్వాలు తీసుకుని వెళ్ళబోతే దీదీ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న కొడుకు కాసేపటికి లోపలికి వచ్చి, తల్లి కొంగు తడవకుండా ఎత్తి పట్టుకున్నాడు.

కొన్నేళ్ళకు మోకాళ్ళు సహకరించక దీదీ పని మానేసి, ఇంకో దీవిలోని హట్ బేలో ఉండే తమ్ముడి దగ్గరకు బయలుదేరింది. ఓడ ఎక్కించడానికి ఫీనిక్స్ బే రేవుకి వెళ్ళాను. ఆ రోజు గోడ పగలగొట్టడానికి భయం వేయలేదా అని అడిగాను.

"ఎందుకెయ్యదు? అందరి ముందూ తప్పు నాదనడం సిగ్గే కదా. కానీ ఆవిడ 'నేనే' అన్నాక ఇంకేటి ఆలోచిత్తాం?"

దీదీ హట్ బేలోనే కన్నుమూసింది. ఇప్పుడు ఏ ఇంటి పని ఒప్పుకునే ముందయినా, ఆ ఇంట్లో అందరికంటే నెమ్మదిగా మాట్లాడే మనిషి ఎవరో వెతుక్కుంటాను. వాళ్ళ ఎదురుగా కింద కూర్చుని, ఏం కావాలో అడుగుతాను. జవాబు ఎంత ఆలస్యమైనా మధ్యలో మాట అందించను.