వంకాయరంగు చీర ఎవరికి?

ఆ రోజుల్లో కరీంనగర్‌లో చీర కొనడమంటే ఊరందరికీ కబురు పెట్టడమే. చెప్పులు విడిచి, తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుని, మనం ఎవరి తాలూకో, చీర ఎవరికో, ఏ కార్యానికో షావుకారుకు ఒప్పజెప్పాలి. అది తేలేదాకా ఆయన అరలోంచి చీర దింపనిచ్చేవాడు కాదు. అలాంటి చోటికి మా చిన్న మామ తనకోసం చీర కొనుక్కోవడానికి వెళ్లాడు, నన్ను తోడు తీసుకుని.

చిన్న మామ మా అవ్వకు, అంటే అమ్మకు, తమ్ముడు. బొగ్గుగనుల కాలనీలో గుమాస్తా, ఇంకా పెండ్లి కాలేదు. మా గడప దాటాలంటే తల వంచాల్సినంత పొడుగు, పైగా మీసం. సెలవులకు మా ఇంటికే వచ్చేవాడు. ఒకరోజు నేను కాలేజీ నుంచి ముందే వచ్చి తలుపు తోస్తే, మామ అవ్వ చీర కట్టుకుని అద్దం ముందు నిలబడి ఉన్నాడు. నేను కొయ్యబారిపోయాను. ఆయన మాత్రం మెల్లగా "తలుపెయ్యి బిడ్డా" అన్నాడు. తలుపేశాక "అక్కకు చెప్పకు" అన్నాడు. చెప్పలేదు. (చెబుదామన్నా నా దగ్గర మాటలేవి? కాలేజీలో అన్నిటికీ నిర్వచనాలు రాయించారు గానీ దీనికి రాయించలేదు.)

బతుకమ్మ పండుగ ముందర మామ నన్ను బజారుకు రమ్మన్నాడు. "అక్క చీర కడితే దొంగతనం చేసినట్టుంటది బిడ్డా. నాదని ఒక్కటి గావాలె."

"నాటకంలో వేషానికని అడుగు మామా, ఎవ్వరేమనరు" అని నా తెలివి చూపించాను.

"వేషానికైతే వేషం చీరిస్తరు. నాకు కట్టుకునే చీర గావాలె."

షావుకారు అడగనే అడిగాడు. "ఎవలికి బాబూ?" మామ నా వైపు చూశాడు. నేను మామ వైపు చూశాను. "గీ పిల్ల ఏమైతది నీకు?" "మా అక్క బిడ్డ" అన్నాడు మామ, చెప్పగలిగిన నిజం అదొక్కటే కాబట్టి. షావుకారు ముఖం వెలిగిపోయింది. పెండ్లికాని మేనమామ, ఎదిగిన మేనకోడలు, నడుమ చీర. మా వైపు ఇంక అడిగేదేముంటుంది? వెంటనే గులాబీరంగు చీరలు దిగాయి.

"గులాబీ వద్దు, వంకాయరంగు చూపియ్యి. పెద్దంచుది, జర పొడుగు మనిషికి."

"పొడుగేడిది బాబూ, పిల్ల నీ భుజం కాడికి గూడ రాదు."

దుకాణంలో పనిచేసే అతను వంకాయరంగు చీర తన భుజం మీదే వేసుకుని పైట పరిచి చూపించాడు. ఆ దుకాణాల్లో అది మామూలే, ఎవరూ నవ్వరు. మామ అతన్ని చూసినంత ఈర్ష్యగా ఎవర్నీ చూడగా నేను చూడలేదు. "పైట గట్ల గాదు, జర కిందికి" అని చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. అదే పరుపు మీద మా పక్కింటి పెద్దమ్మ కూర్చుని ఉందని నేను అప్పుడే గమనించాను.

మేం ఇల్లు చేరేసరికి పెద్దమ్మ మా గుమ్మంలో ఉంది. "అదృష్టమంటే నీదే. పిల్లకు ఇంట్లనే లగ్గమాయె, నీ తమ్ముడు చీర గూడ తీసిండు" అంటోంది మా అవ్వతో. నా చదువు ఆగిపోయిందనుకుని నేను అక్కడే ఏడుపందుకున్నాను. మామ చీర పొట్లాన్ని గుండెకు అదుముకుని గోడకు అంటుకుపోయాడు. లగ్గం లేదంటే చీర ఎవరికో చెప్పాలి. చెప్పకపోతే లగ్గం ఖాయం.

"ఎవలికిరా తమ్మీ?" అంది అవ్వ.

"అక్కా, అది..." అన్నాడు మామ.

అవ్వ ఆయన ముఖంలోకి ఒక్క క్షణం చూసి, పొట్లం అందుకుంది. "నాకే తెచ్చిండు అక్కా. పండుగకు తోడవుట్టినదానికి చీర తేకపోతడా? లగ్గం లేదు గిగ్గం లేదు, పిల్ల సదువుకుంటది."

అన్న మాట నిలబెట్టుకోవాలి కదా, సద్దుల బతుకమ్మకు అవ్వ ఆ చీరే కట్టింది. బతుకమ్మ చుట్టూ తన చీర తిరుగుతుంటే మామ అరుగు మీద కూర్చుని చూశాడు. "బాగున్నదా తమ్మీ?" అని అవ్వ అడిగితే, "అంచు మన్నుల పడుతున్నది అక్కా, జర ఎత్తి పట్టుకో" అన్నాడు.

మామ తిరిగి డ్యూటీకి బయలుదేరే రోజు అవ్వ ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి, నుదుట బొట్టు పెట్టి, ఉతికి మడతపెట్టిన ఆ చీర చేతుల్లో పెట్టింది. "నా చీరలు నాకంటె మంచిగ ఎవలు మడతవెడుతున్నరో నాకు తెల్వదా? ఆడబిడ్డకు పుట్టింటోళ్లు చీర పెడతరు. నీకు నేను పెడుతున్ననుకో. తలుపేసుకొని కట్టుకో, ఫికర్ జెయ్యకు."

మామ చీర చెంగుతో కళ్లు తుడుచుకోబోయి, ఖరాబైతదని మానుకుని, చొక్కా చేతితో తుడుచుకున్నాడు.

ఇప్పుడు మా పాప తుమ్మినా తెల్లవార్లూ మేలుకునే తల్లినైన నాకు, ఆ రోజు కళ్లు వాచేలా ఏడ్చిన ఆ పొట్టి పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. ఈ లోకంలో అందరికంటే ఎక్కువ భయపడ్డది తానే అనుకుంది పాపం, పక్కన అంత పొడుగు మనిషి ఒక పొట్లం పట్టుకుని వణుకుతుంటే.