అట్టల మామయ్యా, రెండో గ్రాఫిక్స్ కార్డూ

అట్టల మామయ్య ఒకసారి అట్టతో ఏనుగును చేసి, అది మెట్ల మీదుగా మూడో అంతస్తుకు ఎక్కుతుందో లేదో చూశాడు. ఎక్కలేదు. రెండో మలుపులో తొండం ఇరుక్కుంది.

సరే, ఏనుగంటే మరీ ఏనుగు కాదు. ఫ్రిజ్. తొండం అన్నది దాని తలుపు పిడి. కానీ మెట్లు నిజం, మలుపు నిజం. అట్ట ఫ్రిజ్‌ను నెత్తిన పెట్టుకుని ఆయన దిగి వస్తుంటే పక్కవాటా టీచరు నోరెళ్ళబెట్టి, "అయ్యో, ఒక్కరే మోస్తున్నారేమిటండీ!" అనడం నిజం. "అలవాటేలెండి" అని ఆయన మీసం దువ్వుకోవడం మరీ నిజం.

ఏ వస్తువైనా సరే, దానికి అట్ట నమూనా చేసి, పెట్టాల్సిన చోట పెట్టి చూస్తే తప్ప అసలు వస్తువును గడప దాటనివ్వడు. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో నమూనాలు కోస్తూ జుట్టు నెరిసిన మనిషి. రిటైరయ్యాక ఆయన ఊరుకున్నా కత్తెర ఊరుకోలేదు. మంచానికి అట్ట, బీరువాకు అట్ట. అత్తయ్య కళ్ళజోడు మార్చుకుంటానంటే ముందు అట్ట కళ్ళజోడు పెట్టుకుని తిరగమన్నాడు.

"అద్దాలేవండీ?" అంది అత్తయ్య.

"అద్దాలెందుకు? ముక్కుకు సరిపోతుందా లేదా అన్నదే కదా ప్రశ్న."

"మరి నాకేం కనబడుతుంది?"

"ఫ్రేము కనబడుతుంది."

అట్ట సోఫా మీద వియ్యంకుడుగారు కూర్చుని నేల దాకా వెళ్ళిన రోజు కూడా ఆయన కంగారు పడలేదు. వియ్యంకుడుగారి కాళ్ళు ఇంకా గాలిలో ఉండగానే టేపు తీసి, "చూశారా, వెడల్పు ఎంత బాగా కుదిరిందో!" అన్నాడు.

ఆయన సిద్ధాంతం ఒకటే: "ముందు అట్ట, తర్వాత అసలు." ఆయన గర్వమూ ఒకటే: "నా కొలత ఇంతవరకు తప్పలేదు." అది మాత్రం ఎవరూ కాదనలేరు. కోపమొచ్చినప్పుడు అత్తయ్య ఆయన్ని చాలా అనేది కానీ ఆ ఒక్క మాటా అనేది కాదు.

అందుకే మేనకోడలు రెండో గ్రాఫిక్స్ కార్డు కొన్నప్పుడు మామయ్యకు చెప్పలేదు. చెబితే అట్ట చేస్తాడు. అట్ట చేస్తే వారం పడుతుంది. ఆమె దగ్గర వారం లేదు.

ఆమెది బొమ్మల సినిమాలు తీసే పని. తీసే పని అనడం కంటే, ఆ పని కోసం వెతుక్కునే పని అనాలి. పిల్లల కార్యక్రమాలు చేసే కంపెనీ ఒకటి, ఉత్తరం పోస్టు చెయ్యడానికి బయల్దేరిన తాబేలు మీద ఒక నిమిషం సినిమా తీసి సోమవారానికల్లా చూపించమంది. నచ్చితే ఉద్యోగం. తాబేలు తయారే. కానీ ప్రతి బొమ్మకూ రంగులూ నీడలూ దిద్ది పూర్తి చెయ్యాల్సింది కంప్యూటర్లోని గ్రాఫిక్స్ కార్డు. ఆ ఉన్న ఒక్క కార్డూ ఎంత నింపాదిగా పనిచేస్తోందంటే, ఆ లెక్కన తాబేలు పోస్టాఫీసు చేరేసరికి పోస్టాఫీసే ఎత్తేస్తారు. రెండు కార్డులుంటే బొమ్మల్ని చెరిసగం పంచుకుంటాయి.

"మీ మదర్‌బోర్డు మీద కార్డులు గుచ్చే పొడుగు స్లాట్లు రెండున్నాయా?" అని దుకాణదారు అడిగాడు.

"ఉన్నాయి."

"అయితే ఇంకేం, తీసుకెళ్ళండి."

దాచుకున్నదంతా పెట్టి తీసుకెళ్ళింది. పెట్టె చించాక వెనక్కి తీసుకునేది లేదని బిల్లు మీదే అచ్చువేసి ఉంది. ఇంటికెళ్ళి ఎంత నెట్టినా కార్డు లోపలికి పోలేదు. శుక్రవారం సాయంత్రం కంప్యూటర్‌ను టాక్సీలో వేసుకుని మామయ్య గుమ్మంలో దిగింది.

ఆ వేళకు మామయ్య విమానం దింపుతున్నాడు. ఆయనకున్న ఒకే ఒక్క విలాసం అది. కంప్యూటర్లో విమానం నడిపే ఆట. ఎదురుగా ఒక తెర, అది ముందు కిటికీ. ఎడమవైపు ఒక తెర, అది పక్క కిటికీ. ఒక్క కార్డు మీదే రెండూ నడిపితే విమానం కుదుపులిస్తోందని, ప్రయాణికులు ఇబ్బంది పడతారని, తెరకో కార్డు పెట్టుకున్నాడు. రోజూ సాయంత్రం టోపీ పెట్టుకుని కూర్చునేవాడు.

"ఏవండీ, టీ చల్లారిపోతోంది" అని అత్తయ్య వంటింట్లోంచి కేకేసింది.

"ఇప్పుడు సీటులోంచి లేవకూడదు. ప్రయాణికులకి కూడా అదే చెప్పాను."

విమానం క్షేమంగా దిగాక మేనకోడలి కంప్యూటర్ మూత తీశారు. మామయ్య ఎప్పుడు కోశాడో ఏమో, చేతిలో అట్ట కార్డు ఒకటి సిద్ధంగా ఉంది.

"స్లాట్లు రెండున్నాయి మామయ్యా, లెక్కపెట్టుకునే కొన్నాను."

"ఉన్నాయమ్మా. బస్సు సీటులో కూడా ఇద్దరికి చోటుందనే రాస్తారు. మొదట కూర్చున్నవాడు లావుపాటివాడైతే రెండోవాడు నిలబడాల్సిందే."

అట్ట కార్డును రెండో స్లాటు వైపు జరిపాడు. మొదటి కార్డు పొట్ట ఆ స్లాటు మీదికి వచ్చేసింది. అట్ట వంగి, నలిగి, మూల విరిగింది. రెండు స్లాట్ల మధ్య ఎడం చాలదు. తప్పు ఏ కార్డుదీ కాదు, ఆ బోర్డుకే ఆ జోడీ రాసిపెట్టి లేదు.

"మామయ్యా, సోమవారం..." అని మేనకోడలు ఆపేసింది. ముక్కు ఎర్రబడింది.

అత్తయ్య గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఇప్పుడు ఆయన "ముందు అట్ట చేశావా?" అంటాడు. దానికి ఉపన్యాసం ఉంది, ఉపన్యాసానికి ఉదాహరణలున్నాయి, అందులో వియ్యంకుడుగారు కూడా ఉన్నారు. మామయ్య నోరు తెరిచాడు. మేనకోడలి ముక్కు చూశాడు. నోరు మూసేశాడు.

"అట్ట చెమ్మగిల్లినట్టుంది" అన్నాడు. "కొలత సరిగ్గా తెలియట్లేదు. ఇవి ఇక్కడే ఉంచి, రేపు పొద్దున రా."

పొద్దున వచ్చేసరికి రెండు కార్డులూ లోపల కూర్చుని ఫ్యాన్లు తిప్పుకుంటున్నాయి. మేనకోడలు కళ్ళు నులుముకుంది.

"పట్టదన్నావుగా?"

"నా కొలత తప్పింది" అన్నాడు మామయ్య.

వంటింట్లో పళ్ళెం కిందపడింది. "ఏమన్నారూ?"

"కొలత తప్పిందన్నాను. స్కేలు అరిగిపోయింది."

"స్కేలు అరగడమేమిటండీ?"

"ఇన్నేళ్ళు కొలిస్తే అరగదా మరి? చెప్పులరగడం లేదూ?"

"అయితే నేనే కరెక్టు!" అంటూ మేనకోడలు గంతేసింది.

"నువ్వే కరెక్టు. ఇంక బయల్దేరు, తాబేలు ఎదురుచూస్తోంది."

ఆ సంతోషంలో ఆమె మెట్లు దిగుతూనే టీచరుకు చెప్పింది. టీచరు మూడు అంతస్తులకూ చెప్పింది. అప్పట్నుంచి మామయ్య కనబడితే చాలు, "ఏమండోయ్, స్కేలు అరిగిందట?" అనేవాళ్ళు. ఇదివరకైతే టేపు తీసి కొట్లాటకు దిగేవాడే. ఇప్పుడు తల దించుకుని "అవునండీ" అని వెళ్ళిపోయేవాడు.

సోమవారం తాబేలు పోస్టాఫీసు చేరింది. మేనకోడలికి ఉద్యోగం వచ్చింది. మిఠాయి పెట్టె పట్టుకుని ఆమె వచ్చిన సాయంత్రం మామయ్య టోపీ పెట్టుకుని ఆకాశంలో ఉన్నాడు. ముందు కిటికీలో సూర్యుడు మెరిసిపోతున్నాడు. ఎడమ కిటికీ నల్లగా ఉంది. కాదు, దానికి ఒక అట్ట అంటించి ఉంది. అట్ట మీద పెన్సిల్‌తో వేసిన మబ్బులు.

"ఇదేమిటి మామయ్యా?"

"ఎడమవైపు మబ్బు పట్టింది."

"కొన్నాళ్ళుగా ఎడమవైపే పడుతోందమ్మా" అంది అత్తయ్య. "వాన మాత్రం కురవదు."

మేనకోడలు ఇంకేమీ అడక్కుండా స్క్రూడ్రైవర్ అందుకుంది. "ఆగు, గాల్లో ఉన్నాం!" అని మామయ్య అరుస్తున్నా కంప్యూటర్ ఆపి, మూత తీసేసింది. లోపల మదర్‌బోర్డు మీద చిన్న తాబేలు స్టిక్కరు. ఆమె చేత్తో అంటించుకున్నదే. ఇద్దరి కంప్యూటర్లూ ఒకే దుకాణంలో ఒకేసారి కొన్నవి. ఇక్కడి ప్రాసెసర్ అక్కడా, అక్కడి బోర్డు ఇక్కడా చక్కగా కూర్చుంటాయి. రెండు లావుపాటి కార్డులకు చోటిచ్చిన మామయ్య బోర్డు ఇప్పుడు ఆమె గదిలో ఉంది. పక్క కిటికీ నడిపిన కార్డు ఇక్కడ బల్ల మీద ఊరికే పడుకుని ఉంది. ముందు అసలు, తర్వాత అట్ట. మామయ్య జీవితంలో వరుస తిరగబడింది అదొక్కసారే.

"ఇది నా బోర్డు" అంది మేనకోడలు.

"కాదు."

"నా తాబేలుంది దీని మీద!"

"అది నడుచుకుంటూ వచ్చి ఉంటుంది. ఉత్తరం తెచ్చిందేమో చూడు."

మర్నాడు ఆమె ఒక అట్ట ముక్క తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. వంకరటింకరగా కోసిన మదర్‌బోర్డు. మధ్యలో దూరదూరంగా రెండు పొడుగు స్లాట్లు.

"జీతం రాగానే అసలుది కొంటున్నాను. ముందు అట్ట" అంది.

మామయ్య టేపు తీశాడు. నిలువు కొలిచాడు, అడ్డం కొలిచాడు, స్లాట్ల మధ్య ఎడం రెండుసార్లు కొలిచాడు. "కోత బాగోలేదు, కొలత బాగుంది" అని గొంతు సవరించుకుని, ఎందుకో టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు.

ఈ కథంతా మొన్న ఆయనకు చదివి వినిపిస్తే, చివరిదాకా ఓపిగ్గా విని, కత్తెర కింద పెట్టి ఇలా అన్నాడు:

"ఒక్క ముక్క నిజం కాదు. ఫ్రిజ్ లేదు, బోర్డు మార్చడం లేదు. ఆ వారమంతా ఎడమవైపు మబ్బే. ఆ స్కేలు, కావాలంటే చూసుకోండి, అరిగే ఉంది."