మార్పిడి పాఠం

మార్చి నెల, రెండో గురువారం. మధ్యాహ్నం. ఎండ బాగా కాసింది.

హాజరైనవారు: కెమిస్ట్రీ మాస్టారు, ఎకనామిక్స్ మేడం, నేను, రెండో సంవత్సరం విద్యార్థులు తొమ్మిదిమంది. రానివారు లేరు.

డైరీలో ముందు తేదీ, ఆ కింద హాజరు రాయడం ఉద్యోగంలో చేరినప్పటి అలవాటు. రిటైరయ్యాక చాలా పేజీల్లో హాజరు దగ్గర ‘నేను’ అన్న ఒక్క మాటే ఉంటుంది. ఆ గురువారం పేజీ నిండుగా ఉంది. అలా నిండుగా రాసిన పేజీ మళ్లీ రాలేదు.

శ్రీకాకుళం దగ్గరి మా యూనివర్సిటీలో ఆ పీజీ కోర్సుకి సొంత మాస్టార్లు లేరు. నీళ్లు, నేల, పంట, కూలి, ఇవన్నీ కలిపి చదివితేనే ఒక ఊరు నాలుగు కాలాలు ఎలా నిలబడుతుందో అర్థమవుతుందని కోర్సు పెట్టారు గాని, పాఠాలు చెప్పేవాళ్లని తలో డిపార్ట్‌మెంటు నుంచి అరువు తెచ్చారు. నేను జాగ్రఫీ. రిటైరైనా వారానికి రెండు రోజులు కోటబొమ్మాళి నుంచి బస్సులో వచ్చేవాణ్ణి. ఎకనామిక్స్ మేడం విజయనగరంలో కొట్టు నడుపుకునే కుటుంబం పిల్ల. నెల్లిమర్ల జూట్ మిల్లు కూలీల మీద పరిశోధన చేసింది. కెమిస్ట్రీ మాస్టారిది ఉద్దానం, కొబ్బరి తోటల్లో ఊరు. నాకంటే పన్నెండేళ్లు చిన్న.

మొదటి ఏడాది ఎవరి పాఠం వాళ్లు చెప్పుకుని వెళ్లిపోయేవాళ్లం. పిల్లలకి మూడు శాస్త్రాలు మూడు ముక్కలుగానే మిగిలాయి. అప్పుడు కెమిస్ట్రీ మాస్టారే మార్పిడి పాఠం అన్నది మొదలుపెట్టాడు. సెమిస్టరు చివర ఒకరి పాఠం ఇంకొకరు చెప్పాలి. ఆ పాఠం ఎవరిదో వాళ్లు వెనక బెంచీలో కూర్చుని, ఏమీ తెలియనట్టు చెయ్యెత్తి అడగాలి. వాళ్లు ‘అయింది’ అనేదాకా పాఠం అవదు. ఓసారి నా ఋతుపవనాల పాఠం చెప్పబోయి మేడం సాయంత్రం దాకా నిలబడిపోయింది. “ఇంక అయిందనండి మాస్టారూ, బస్సెల్లిపోతాది” అని బతిమాలింది. నేను అనలేదు.

ఆ ఏడాది నా వంతుకి వచ్చింది కెమిస్ట్రీ మాస్టారి పాఠమే. ఉద్దానంలో కిడ్నీ జబ్బు, దాంట్లో నీళ్ల పాత్ర. ఆ జబ్బు ఎందుకు వస్తోందో ఖాయంగా ఎవరూ తేల్చలేదు. నీళ్లంటారు, ఎండలో చాకిరీ అంటారు, ఒళ్లునొప్పుల బిళ్లలంటారు. అది ఒక శాస్త్రానికి లొంగదని చెప్పడానికే మా కోర్సులో ఆ పాఠం ఉంది.

ఆయన అన్నయ్య పోయింది ఆ జబ్బుతోనే. అన్నయ్య పోయాక ఇంటి పెరట్లో పాత నుయ్యి పూడ్పించి కొత్తది తవ్వించాడు. ఆ నీళ్లు తనే పరీక్ష చేశాడు. ఏ వంకా లేదు. శ్రీకాకుళంలో అద్దెకుంటూ కూడా ప్రతి సోమవారం ఊరి నుంచి డబ్బాతో ఆ నీళ్లే మోసుకొచ్చేవాడు. ఏటేటా క్లాసులో మూడు సీసాలు పెట్టేవాడు. ఒకటి నౌపడ ఉప్పు మళ్ల పక్క బోరుది, ఒకటి మా కోటబొమ్మాళి నూతిది, మూడోది ‘మా ఇల్లు’ అని చీటీ అంటించినది. మూడోదాన్ని వెలుతురుకి ఎత్తి పట్టి, “సూడండి, మా నీళ్లకి వంక పెట్టగలరేటి?” అని మురిసిపోయేవాడు.

ఉద్దానంలో వందల నూతుల నీళ్లు పరీక్ష చేసినవాడు తన నెత్తురు ఒక్కసారీ పరీక్ష చేయించుకోలేదు. నీళ్లు బాగున్నాయి కాబట్టి తనూ బాగున్నాననుకున్నాడు. ఏ ఒక్క కారణాన్నీ నమ్ముకోవద్దని పిల్లలకి చెప్పిన నోటితోనే, ఇంటి దగ్గర ఆ ఒక్కదాన్నే నమ్ముకున్నాడు.

జనవరిలో బూట్లు మానేసి చెప్పులతో క్లాసుకి రావడం మొదలుపెట్టాడు. నేను వయసనుకున్నాను. మేడం ఊరుకోలేదు. “అన్నా, నీ కాళ్లు సూసుకున్నావేటి? నొక్కితే గుంటపడతంది” అని పట్టుబట్టి రక్తపరీక్షకి పంపింది. కిడ్నీలు చాలావరకు పోయాయి. విశాఖపట్నంలో డాక్టరు వెంటనే డయాలసిస్ మొదలుపెట్టాలన్నాడు. ఊరికి దగ్గరని పలాస ఆసుపత్రిలో ఏర్పాటైంది. రెండుసార్లు రమ్మన్నారు. రెండుసార్లూ క్లాసుందన్నాడు. మేడం కళ్లనీళ్లు పెట్టుకుంటే చివరికి ఒక మాటిచ్చాడు.

“మార్పిడి పాఠం అవనీ సెల్లీ. అయిందంటే మర్నాడే ఎల్తాను.”

పిల్లలకి ఇదేమీ తెలియదు.

పాఠం మొదలైంది. ఆయన మూడు సీసాలూ బల్ల మీద పెట్టుకుని, బోర్డు మీద నైట్రేటు రాశాను. వెనక నుంచి మేడం అందుకుంది. “మాస్టారూ, ఆక్సిజను ఒకటి తక్కువ తూసారు. మా కొట్టులో ఇలా తూస్తే మా నాన్న గుమస్తా సెవి మెలేసేవోరు.” పిల్లలు నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వితే ఆయాసం వచ్చింది. రుమాలుతో మొహం తుడుచుకుని చెయ్యెత్తాడు.

“ఉప్పెక్కువైన నీళ్లు తాగితే ఏటవుతాది మాస్టారూ?”

చెప్పాను. మళ్లీ చెయ్యి. లోతు బోరుకీ పై నూతికీ తేడా ఏమిటన్నాడు. అది నా సొంత పాఠం, సులువుగా చెప్పాను. మళ్లీ చెయ్యి. జీడితోటలో ఎండకి పనిచేసినవాడు ఎన్ని నీళ్లు తాగాలన్నాడు. తెలిసినంత చెప్పాను. గంట కొట్టారు. పిల్లలు కదల్లేదు. ఆయన చెయ్యి దిగలేదు. అడిగిందే అటు తిప్పి ఇటు తిప్పి అడుగుతున్నాడు. ఆయన ఎందుకలా అడుగుతున్నాడో మేడంకీ నాకూ తెలుసు. అడుగుతున్నంతసేపూ పాఠం అవదు. పాఠం అవకపోతే పలాస లేదు.

“అన్నా, ఇంక సాలు. అయిందను” అంది మేడం.

“అవలేదు సెల్లీ. ఆఖరుదొకటుంది.” బల్ల పట్టుకుని లేచాడు. “ఆ మూడో సీసా తియ్యండి మాస్టారూ. ఆ నీళ్లెలాగున్నాయి?”

“బాగున్నాయి. నువ్వే పరీక్ష చేశావు కదయ్యా.”

“మరి ఆ నీళ్లే తాగినోడికి ఎందుకొచ్చిందంటారు?”

సీసా నా చేతిలో ఉంది. చీటీ మీద ఆయన దస్తూరీ. ముందు వరసలో ఒకమ్మాయి వెనక్కి తిరిగి ఆయన మొహంకేసి, ఆ తర్వాత కాళ్లకేసి చూసింది. ఆ అమ్మాయిది సోంపేట పక్క పల్లె. తండ్రికి డయాలసిస్ జరుగుతోందని మాకు తెలుసు. మిగతావాళ్లకి అర్థం కానిది ఆ పిల్లకి అర్థమైంది.

“సార్,” అంది మెల్లగా, “మా నాన్న కూడా జీడిపిక్కలు ఏరడం అయ్యాక ఎల్తానన్నాడండి. అదయ్యాక కొబ్బరి దింపులన్నాడు.”

నేను జవాబు చెప్పాలి. మార్పిడి పాఠంలో అంతకుముందు ఎవరూ అనని మాట అన్నాను.

“నాకు తెలీదయ్యా. మనలో ఎవరికీ తెలీదు.”

ఆయన పిల్లల వైపు తిరిగి, “అదీ రాసుకోండి” అన్నాడు. చెయ్యి దించాడు. అయింది అని మాత్రం అనలేదు. సీసాలు మూడూ సర్దుకుని, చెప్పులు ఈడ్చుకుంటూ మెట్లు దిగాడు.

“పొద్దున్నే కారట్టుకొస్తాను అన్నా, తయారుగా ఉండు” అని మేడం వెనక నుంచి కేకేసింది.

“సూద్దారి” అన్నాడు, తిరిగి చూడకుండా.

మర్నాడు ఉదయం కోటబొమ్మాళి దగ్గర హైవే మీద నిలబడ్డాను. కారులో ఆయన ఉంటాడని నాకు నమ్మకం లేదు. మేడం కారు ఆపింది. వెనక సీట్లో ఆయన పక్కకి జరిగి చోటిచ్చాడు. ఒళ్లో దిద్దని పరీక్ష పేపర్ల కట్ట.

“ఎక్కండి మాస్టారూ. పాఠం అవలేదు, గేపకముంచుకోండి” అన్నాడు. పలాస దాకా అదొక్కటే మాట.

ఆసుపత్రిలో పొడుగాటి గది. మంచాలన్నీ నిండి ఉన్నాయి, గోడవార ఒక్కటి తప్ప. దాని పక్క మంచం మీద ముసలాయన కళ్లు చికిలించి చూసి, మొహం విప్పార్చుకున్నాడు. ఎప్పుడో ఈయన సీసాలు పట్టుకుని తిరిగిన ఊళ్లలో ఏదో ఒక ఊరివాడు.

“ఎవులు, నీళ్ల మాస్టారేటి? ఇక్కడి నీళ్లు కూడా అట్టుకెళ్తారేటి బాబూ?”

“లేదు మావా,” అన్నాడాయన. “ఈసారి నన్నే అట్టుకొచ్చేరు.”

ముసలాయన నవ్వు అలాగే ఉండిపోయింది. ఆయన పేపర్ల కట్ట మేడం చేతికిచ్చి, చెప్పులు విడిచి మంచం కిందికి నెట్టి, ఖాళీ మంచం మీద కూర్చున్నాడు.